పేనుబంక చెడగొట్టబోయిన పెళ్లిచూపులు

అగ్రికల్చర్ బీయస్సీ కొత్తగా పూర్తిచేసిన రోజుల్లో, నాకు తెలియని సంగతి లోకంలో లేదనుకునేదాన్ని. తెలిసింది నలుగురికీ చెప్పకపోతే అన్నం సహించేది కాదు. (అడిగారా లేదా అన్నది వేరే విషయం.) చిలకలూరిపేట దగ్గర మా ఊళ్లో పైరుకి ఏ తెగులొచ్చినా ఆకు తుంచి, కవర్లో వేసుకుని మా గుమ్మంలోకి వచ్చేవాళ్లు. అందుకే నా పెళ్లిచూపుల్లో అబ్బాయి తండ్రి, స్వీటు తినడం పూర్తికాకుండానే జేబులోంచి ముడుచుకుపోయిన పత్తి ఆకు తీసి, "ఇదేంటో చూడమ్మా" అంటే నాకేం వింతగా అనిపించలేదు. అబ్బాయి అప్పటికే నచ్చేశాడు. తలొంచుకుని కూర్చోవాల్సింది నేనైతే, తనే తలొంచుకుని కూర్చున్నాడు పాపం.

"పేనుబంకండీ, ఆకు రసం పీల్చే పురుగు" అన్నాను. అక్కడితో ఆపొచ్చుగా? ఆపితే నేనెందుకవుతాను. "మన పొలాల్లో ఇవన్నీ ఆడవేనండీ. మగదానితో పనిలేకుండానే పిల్లల్ని కనేస్తాయి. సంబంధాలు వెతుక్కోవడం, ఇంతమంది కారెక్కి రావడం, ఇవేం ఉండవు. అయినా మగది పిల్లల్ని కనదు కదండీ, దానికి పెట్టే తిండి దండగ" అని ధారాళంగా చెప్పుకుపోయాను. అబ్బాయి వాళ్లమ్మ కాఫీ గ్లాసు కిందపెట్టి, "అయితే మావాణ్ణి తీసుకెళ్లిపొమ్మంటావా అమ్మా?" అంది. అసలు పాయింటు ఇంకా చెప్పనేలేదు, మా అమ్మ జబ్బ పట్టుకుని వంటింట్లోకి లాక్కుపోయింది. "నీ చదువు తగలెయ్య, బంగారంలాంటి సంబంధమే" అని తను కళ్లొత్తుకుంటుంటే నాకూ ఏడుపొచ్చింది.

మర్నాడు అబ్బాయి ఫోన్ చేశాడు. "మగవాళ్లవల్ల నష్టాలన్నీ చెప్పారు. లాభం ఒక్కటైనా ఉందా అండీ?" అన్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పురుగు పిల్లలన్నీ అచ్చు తల్లిలాగే ఉంటాయనీ, తల్లిని చంపే తెగులొస్తే వంశమంతా తుడిచిపెట్టుకుపోవచ్చనీ, ఇద్దరు కలిసి కంటే ఒక బిడ్డలా ఇంకో బిడ్డ ఉండదు కాబట్టి ఏ ఆపదొచ్చినా ఎవరో ఒకరు తట్టుకుంటారనీ, ఆ కాస్త కోసమే ఈ మగవాళ్లూ ఈ వెతుకులాటా అనీ, అరగంటసేపు ఊపిరి తీసుకోకుండా చెప్పాను. అంతా విని, "సరిగ్గా అర్థం కాలేదండీ. రేపు మళ్లీ చెప్తారా?" అన్నాడు.

అప్పటి నన్ను, ఆ పిచ్చిపిల్లని తలుచుకుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది, దగ్గరికి తీసుకోవాలనీ అనిపిస్తుంది. ఇంత తేలిక సంగతి మనిషికి ఎందుకు అర్థం కాలేదా అని బెంగపడి, మర్నాటికి ఇంకా మంచి ఉదాహరణలు వెతికి, కాగితం మీద వరుసగా రాసుకుని ఫోన్ ముందు కూర్చుంది.