పగిలిన కొండ కింద పుట్టింటి పొయ్యి

నాకు అక్షరం నడివయసులో వచ్చింది. కోపం మాత్రం పుట్టుకతోనే వచ్చింది. రెండూ ఒకచోట చేరాయి కాబట్టే ఆ ఏడాది సంగతి రాస్తున్నాను. వట్టి అక్షరమే అయివుంటే ఈ పని పెట్టుకునేదాన్ని కాదు.

అరకు లోయకు ఎగువన, కొండ వాలు మీద ఉండేది మా అమ్మ ఊరు. నన్నిచ్చిన ఊరు వాగుకు ఇవతల, రాతి మెట్ట మీద. మా అత్తవారి పెరట్లో నిలబడితే అమ్మ ఇంటి పొగ కనిపించేది. పొద్దున్నే ఆ పొగ లేస్తే అమ్మ లేచిందని నాకు ధైర్యం. ఆ ఏడాదే అయ్య పోయాడు కాబట్టి రోజూ చూసేదాన్ని.

కింది మన్యంలో పితూరీ తిరుగుబాటు అణిగాక సర్కారుకు మా కొండల మీద ఎక్కడ లేని ప్రేమ పుట్టింది. పోలీసుల బళ్ళు ఎక్కడానికి దారి కావాలన్నారు. ఒక ఓవర్సీరు వచ్చి అమ్మ ఊరి కింద వాలును గోడ నరికినట్టు నిలువుగా తవ్వించాడు. తవ్విందెవరు? మా వాళ్ళే. ఇంటికో మనిషి వెట్టికి రావాలి, రానివాడి వీపు ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. మా అన్న కూడా తన తల్లి ఇంటి కింది మట్టిని తన గునపంతోనే తవ్వి తట్టలకెత్తాడు. పై వాలు మీద చెట్లన్నీ అంతకు ముందే పోడు సేద్యం కోసం కొట్టేశారు. అదీ మా వాళ్ళే, వాళ్ళను వెనకేసుకు రాను. పైన పట్టి ఉంచే వేళ్ళు లేవు, కింద ఆనిక లేదు, నడుమ ఊరు.

ఆ ఎండాకాలం చివర్లో భూమి కదిలింది. నేను చోళ్ళు, అంటే రాగులు, విసురుతున్నాను. చెయ్యి ఆపాను, అయినా తిరగలి రాయి గడగడలాడుతూనే ఉంది. అటక మీది కుండలు దొర్లి పడ్డాయి. పశువులు కట్లు తెంచుకుని అడివిలోకి పరుగెత్తాయి. నేను వాగు దాటి అమ్మ దగ్గరికి పోయేసరికి అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, ఎవరిదో వెనక గోడ ఒకటి కూలిందంతే. ఊరి దేవత రాయి ముందు కోడిని కోశారు. తిన్నారు. గండం గడిచిందన్నారు.

గడవలేదు. నాలుగు నాళ్ళు పోయాక విస్తళ్ళకు అడ్డాకులు కోద్దామని కొండెక్కితే, పోడు చేను మీద నేల అడ్డంగా చీలి ఉంది. చీలిక విల్లులా వంగి, ఊరికి ఆ చివర నుంచి ఈ చివర దాకా పోయింది. కొన్ని చోట్ల నా కాలు దిగబడేంత వెడల్పు. ఊరంతా నీళ్ళు తెచ్చుకునే ఊట ఎండిపోయింది. ఎండిందనుకున్న ఊట అమ్మ ఇంటి వెనక నేలలోంచి బురదగా ఉబుకుతోంది. పెరటి పనస చెట్టు ఇంటి వైపు ఒరిగింది. ఇవన్నీ చూసి నాకు ఒళ్ళు మండింది. ఊరంతా కళ్ళున్న వాళ్ళే, ఒక్కరూ చూడలేదు.

"ఎండకి నేల బీటలేయదేటి?" అన్నాడు అన్న.

"బీటలేత్తే ఊట ఇంటెనక్కి ఎందుకొచ్చినాది?"

 అన్న నన్నే పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.  చీలికకు ఇవతలొకటి, అవతలొకటి గట్టి కర్రలు పాతి, వాటి మధ్య అడ్డతీగ నార బిగించి కట్టాను. కొండ ఆగి ఉంటే నార ఉంటుంది, జరిగితే తెగుతుంది. "కొండకి పలుపేత్తంది, పాలు పితుకుతాదేమో" అని ఊరి ఆడవాళ్ళు నవ్వారు. తొలి వాన పడిన మర్నాడు పోయి చూస్తే నార తెగి వేలాడుతోంది. మళ్ళీ కట్టాను. మళ్ళీ తెగింది. అప్పుడు నవ్వు కాస్త తగ్గింది.

ఓవర్సీరు దగ్గరికి నేనే పోయాను. మగవాళ్ళు పోరు, వాళ్ళ వీపులకు అతను తెలుసు. గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. కొండ చీలిందనీ, కింద తవ్విన చోట రాళ్ళతో గోడ కట్టి ఆపమనీ చెప్పాను.

"కొండ కదులుతోందని ఎవరు చెప్పారే నీకు?"

"నార తెగిపోనాది బాబూ."

అతను పక్కనున్న మేస్త్రీ మొహం చూసి నవ్వాడు. "పోడు కొట్టి కొండకు గుండు చేసింది మీరు. ఇప్పుడొచ్చి నా దారి మీద పడి ఏడుస్తారా?"

"గుండు మేమే సేసినాం. కాళ్ళు మీరు నరికినారు. రెండూ ఒప్పుకుని ఇప్పుడేటి సెయ్యాలో సెప్పండి."

అతని మొహంలో నవ్వు పోయింది. ఉన్న రాళ్ళు వంతెనకు కావాలన్నాడు, గోడలకు లేవన్నాడు. పొమ్మన్నాడు. ఆ రోజు కొండ దిగుతుంటే నాకు కళ్ళ నీళ్ళు రాలేదు. పళ్ళు నూరుకుంటూ దిగాను. దవడ నెప్పి రెండు నాళ్ళు ఉంది.

సర్కారు చెయ్యనిది మేమే చేశాం, చేతనైనంత. మా ఇంటాయన, అన్న, ఇంకొందరు చీలికకు ఎగువన కాలవ తవ్వి, వాన నీరు చీలికలో దిగకుండా పక్క గెడ్డలోకి మళ్ళించారు. ఆడవాళ్ళం జిగురు మట్టి మోసి చీలికను నింపి తొక్కాం. ఈ పని దానంతటది జరగలేదు. నేను తిట్టిన తిట్లకు జరిగింది. ఒక్కొక్కణ్ణి గుమ్మంలో నిలబెట్టి తిట్టాను. తరవాత మా అత్తవారి ఊరి పెద్దలు మెట్ట మీద చోటిస్తామన్నారు. వానలు పోయేదాకా అక్కడ పాకలు వేసుకోమన్నారు. గొణుక్కుంటూ ఒక్కో ఇల్లే కదిలింది. అన్న కూడా పెళ్ళాం పిల్లలతో వచ్చేశాడు. అమ్మ రాలేదు.

అమ్మ ఎందుకు రాలేదో చెప్పాలి. మాలో మనిషి పోయాక పెద్దదినం అనే విందు చేస్తాం. ఆ ఏటి కొత్త పంట వండి ఊరందరికీ పెట్టి చచ్చినవాణ్ణి పెద్దల్లో కలుపుతాం. అది అయ్యేదాకా అతను ఆ ఇంట్లోనే, పొయ్యి దగ్గరే ఉంటాడు. రోజూ ఆకులో ఇంత అంబలి పొయ్యి పక్కన పెట్టాలి. నిప్పు ఆరకూడదు. పంట రావాలంటే వానలన్నీ పోవాలి. కొండ అన్నాళ్ళు ఆగుతుందా?

"మీ అయ్యని పొయ్యి కాడ ఒగ్గీసి నానెక్కడికి పోతాను?" అంది అమ్మ.

"ఒగ్గీమన్ననేటి? అయ్యని కూడా తీసుకుపోదాం."

"పెద్దదినం అవకుండా మీ అయ్య గడప దాటడు."

"అయితే బేగి సేసీ."

"ఏటెట్టి సేత్తాను? సోళ్ళింకా మొలకే. మామిడి టెంకల అంబలి పోసి పంపీమంటావా మీ అయ్యని? బతికున్నన్నాళ్ళూ అదే తాగినాడు."

 ఆ మాటకు నాకు ఇంకా కోపం వచ్చింది. అమ్మ మీద వచ్చింది. చచ్చి కూడా ఇల్లు కదలని అయ్య మీద వచ్చింది. చచ్చినవాళ్ళ మీద కోపం రాకూడదంటారు. వస్తుంది. నాకొచ్చింది.

దిసారి దగ్గరికి పోయాను. దిసారి అంటే మాకు మంచి రోజులు, చెడ్డ రోజులు చెప్పే పెద్ద. అప్పటికే మెట్ట మీద కొత్త పాకలో చుట్ట కాల్చుకుంటున్నాడు.

"పంట లేకుండా పెద్దదినం లేదు గుంటా," అన్నాడు. "అయినా నీకేటి పని? పెళ్ళయి ఇంటిపేరు మారిపోనాది. పుట్టింటి పొయ్యి సంగతి కొడుకు సూసుకోవాల."

అదీ మా ఆచారమే. వేరే ఇంటికి పోయిన ఆడపిల్ల పుట్టింట్లో ఎక్కడైనా తిరగొచ్చు, పొయ్యి మాత్రం ముట్టరాదు. ముడితే ఆ ఇంటి పెద్దలు లేచిపోతారని భయం. నేను అతని పాకలోకి చూశాను. మూల పొయ్యి మండుతోంది.

"ఈ నిప్పెక్కడిది తాతా?"

"నా ఇంటిదే. కుండలో తెచ్చినాను. నా వోళ్ళందరికీ పెద్దదినాలు అయిపోనాయి."

తన నిప్పు తను దాటించుకున్నాడు. నిప్పును అలా దాటించవచ్చన్న ముక్క ముందే చెబితే ఆయన చుట్ట ఆరిపోతుందా? అన్న దగ్గరికి పోయి, కుండ పట్టుకుపోయి నిప్పు తెమ్మన్నాను. నిప్పు వస్తే అయ్య వస్తాడు, అయ్య వస్తే అమ్మ వస్తుంది. అన్న కాళ్ళు చూసుకున్నాడు. "అమ్మ సెప్తే తెత్తాను" అన్నాడు. అమ్మ చెప్పదు, అన్న తేడు, దిసారి కదలడు. కొండకు మాత్రం వీళ్ళెవరి సెలవూ అక్కర్లేదు.

తరవాత ముసురు పట్టింది. ఒక పొద్దున పెరట్లోకి వచ్చి చూస్తే అమ్మ ఇంటి మీద పొగ ఉంది గాని, పనస చెట్టు లేదు. వానకు ఆకుల గిడుగు నెత్తిన పెట్టుకుని, ఒక పాత కుండ చంకన పెట్టుకుని వాగులోకి దిగాను. నడుము లోతు నీళ్ళు. మా ఇంటాయన వెనక నుంచి పిలుస్తున్నాడు. వెనక్కి తిరగలేదు.

పనస చెట్టు పడిపోయి వెనక గోడకు ఆని ఉంది. ఇంట్లోకి నీరు ఊరుతోంది. అమ్మ పొయ్యి చుట్టూ మట్టితో గట్టు కట్టి, పైన గిడుగు పట్టుకుని కూర్చుంది. తను తడుస్తోంది, నిప్పు తడవడం లేదు. పక్కన ఆకులో అయ్య అంబలి. అది చూశాక నాకు ఇంకేమీ వినబడలేదు. కుండలో బూడిద పోశాను. కొరకంచుతో నిప్పులు లాగి, అందనివి వేళ్ళతోనే తీసి కుండలో వేశాను. వేళ్ళు కాలాయి.

"ముట్టకు. నీ ఇంటిపేరు ఏరు," అంది అమ్మ. నా చెయ్యి పట్టి లాగింది. నేను విదిలించుకుని గిడుగు కుండకు అడ్డం పెట్టి బయటికి నడిచాను.

అమ్మ నా వెనక వచ్చింది. తిడుతూ వచ్చింది. నా చేతులు పడిపోవాలంది, నా కడుపున కాయ కాయకూడదంది, నన్ను కన్న రోజు మన్నైపోవాలంది. వాగులో నా కొంగు గట్టిగా పట్టుకుంది. నన్ను పడకుండా ఆపడానికి కాదు, కుండ లాక్కోవడానికి. అలాగే ఒడ్డెక్కాం. అన్న గబగబా మూడు రాళ్ళు పేర్చాడు. నిప్పు పోశాను. అమ్మ ఆ పొయ్యి ముందు కూర్చుని నాకు వీపు తిప్పింది.

ఆ రోజు కొండ పడలేదు. మర్నాడూ పడలేదు. నా రాత అలాంటిది. "ఏదీ నీ కొండ?" అని అడగడానికైనా అమ్మ నాతో మాట్లాడలేదు, ఆ మాట ఊరు అడిగింది. ఆడపిల్ల నిప్పు ముట్టింది, పెద్దలు లేచిపోయారు, తప్పు కింద జరిమానా కట్టాలన్నాడు దిసారి. అమ్మ, నిప్పును పాత చోటికే మోసుకుపోతానని లేచి కుండ కడుగుతోంది. అప్పుడు, అందరూ చూస్తుండగా, పట్టపగలు, వాలంతా ఒక్క ముద్దగా కిందికి జారింది. ముందు చప్పుడు లేదు. ఇళ్ళ కప్పులు కొంత దూరం నిలబడే జరిగి, తరవాత మట్టిలో మునిగాయి. చప్పుడు ఆ తరవాత వచ్చింది. మనుషులెవరూ పోలేదు. అమ్మ చేతిలో కుండ అలాగే ఉంది.

నాకు సంతోషం కలగలేదు. నేను చెప్పిందే అయిందన్న గర్వమూ లేదు. ఒళ్ళు మంట మాత్రం తగ్గలేదు. ఓవర్సీరు వచ్చి దారి మీద పడ్డ మట్టిని చూశాడు. పోడు కొట్టే వాళ్ళ వల్లే ఇంత నష్టమన్నాడు. ఇంటికో మనిషి వెట్టికి రమ్మన్నాడు. మా ఇళ్ళు మింగిన మట్టిని మా చేతే వాళ్ళ దారి మీంచి ఎత్తించాడు. ఏ ఇంటి మనిషి అని అడగడానికి అక్కడ ఇళ్ళే లేవు.

మా ఇంటాయనకు జ్వరమైతే ఆయన బదులు నేను పోయాను. అమ్మ కూడా తట్ట పట్టుకుని వచ్చింది. అప్పటికీ నాతో మాట లేదు. మట్టిలోంచి వాసాలు వస్తున్నాయి, ఎవరిదో రోకలి వచ్చింది. మధ్యాహ్నం అన్న పారకు ఒక రాయి తగిలింది. ఒక పక్క నల్లగా మసి పట్టి ఉంది. మా పొయ్యి రాయే. అమ్మ తట్ట కింద పెట్టేసింది. అన్న వంగి ఎత్తబోయాడు.

"నువ్వొద్దు," అంది అమ్మ. నా వైపు తిరిగింది. "నువ్వెత్తు. ఒకపాలి ముట్టీసినావు కదా, ఇంకేటి."

ఎత్తుకున్నాను. తడి రాయి, బరువుగా ఉంది, కాలిన వేళ్ళకు నెప్పిగా ఉంది.

దారి మీంచి ఓవర్సీరు కేకేశాడు. ఆ రాయి ఇటు పడెయ్యమన్నాడు, గోడకు పనికొస్తుందన్నాడు. ఇప్పుడు గోడ కట్టిస్తున్నాడు. నేను అతని వైపు చూడలేదు, ఆగలేదు. అమ్మ నా ముందు నడుస్తూ, అడ్డం నిలబడ్డ మేస్త్రీని తట్టతో పక్కకు తోసి, నాకు దారి చేసింది.