కొత్తపల్లి కొబ్బరి అని నేను అమ్మిన మొక్కలు

పోయిన నెల రాజమండ్రిలో మా ఆడపడుచు గృహప్రవేశం. గుమ్మంలో నిలబడి ఎవరితోనో మాట్లాడుతూ, నాకు తెలియకుండానే తోరణంలోంచి ఒక మామిడాకు తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాను. "ఏంటి వదినా, మా తోరణం మీద కూడా అనుమానమేనా?" అని ఆవిడ అందరి ముందూ అనేసింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, ఆ పసరు వాసన వేళ్లకు పట్టుకుని భోజనాల దాకా వదల్లేదు. ముద్ద నోటి దగ్గరికి తెచ్చిన ప్రతిసారీ నూకరత్నమ్మగారే గుర్తొచ్చారు. ఆకు నలిపి చెట్టు పేరు చెప్పడం నాకు నేర్పింది ఆవిడే. ఆవిడను మీరెవరూ చూసి ఉండరు. నేను మాత్రం చాలాకాలం పక్కనే ఉండి కూడా ఆవిడను అనుమానించడంతోనే సరిపెట్టాను.

అనుమానం మా ఇంట్లో కొత్తేమీ కాదు. మా నాన్న కొట్లో కట్టించిన పంచదార పొట్లాన్ని కూడా దారిలోనే విప్పి నాలిక మీద వేసుకుని చూసే మనిషి. కడియానికి దగ్గర్లో కాలవగట్టు మీది ఊరు మాది. కౌలుకు చేసుకునే ఎకరంన్నర వరి తప్ప వేరే ఆధారం లేదు. తొంభైల చివర్లో, ఇంటర్ ఎలాగో గట్టెక్కి, ఏ ఉద్యోగమూ దొరక్క ఇంట్లో కూర్చున్న రోజుల్లో పంచాయతీ ఆఫీసు గోడకు ఒక కాగితం అంటించారు. పల్లెటూరి యువతకు నర్సరీ పనిలో నలభై రోజుల ఉచిత శిక్షణట, ఆ తర్వాత సొంతంగా వ్యాపారం పెట్టుకోవడానికి సాయమట. నేను ఎగిరి గంతేశాను. నాన్న మాత్రం మొహం చిట్లించారు.

"ఊరికే ఎవడు నేర్పుతాడే? ఏదో మెలిక ఉంటది. వెళ్తే వెళ్లు గానీ, చదవకుండా ఏ కాయితం మీదా సంతకం పెట్టకు," అన్నారు.

శిక్షణ మార్కెట్ యార్డులో ఒక రేకుల షెడ్డులో. మొదటిరోజు ఆఫీసరుగారు వచ్చి, ఇకమీదట మీరు ఉద్యోగం అడిగేవాళ్లు కాదు, ఇచ్చేవాళ్లు అని గంటసేపు చెప్పి జీపెక్కి వెళ్లిపోయారు. వెళ్తూ వెళ్తూ, ఇసక కుప్ప పక్కన నిలబడ్డ ఒకావిడను చూపించి, "పని ఈ మేడమ్ నేర్పుతారు" అన్నారు. సన్నగా, నల్లగా, చీర కుచ్చిళ్లు ఎగదోపుకుని, బొడ్లో చిన్న కత్తి పెట్టుకున్న మనిషి. పాతికేళ్లుగా నర్సరీల్లో కూలికి మొక్కలకు అంట్లు కట్టారట. చదువు లేదు. జీపు మలుపు తిరిగాక మా వైపు చూసి, "మేడమ్ అన్నారంటే కత్తితో కోత్తాను. రత్నమ్మ అనండి చాలు," అన్నారు.

నాకు అక్కడే అనుమానం మొదలైంది. ఈవిడ ఇప్పటికీ పొద్దున్నపూట ఒక పెద్ద నర్సరీలో పనిచేస్తూనే ఉంది. ఆ యజమానికి పోటీగా పాతికమందిని తయారుచేసి ఈవిడకేం ఒరుగుతుంది? అసలు గుట్టు దాచిపెట్టి, పైపైన చూపించి పంపేస్తుందని తేల్చేసుకున్నాను. తర్వాత జరిగింది కూడా అలాగే కనిపించింది. మొదటి పదిరోజులూ మాకు మొక్క అన్నది ముట్టనివ్వలేదు. కత్తి నూరడం, వేపపుల్లలు ఏటవాలుగా కొయ్యడం, అంతే. కోసిన రెండు ముక్కలనూ ఒకదానికొకటి ఆనించి ఎండకెత్తి చూసేవారు. మధ్యలోంచి వెలుతురు కనిపిస్తే పారేసేవారు. నావి ఎన్ని పారేశారో!

పదకొండో రోజున మామిడి అంట్లు మొదలుపెట్టాం. టెంక నాటి పెంచిన నాటు మొక్క మొదలు మీద మంచి రకం కొమ్మను అతికించి, పాలిథిన్ పట్టీతో బిగించి కట్టాలి. మూడు వారాలకు చూస్తే ఆవిడవి దాదాపు అన్నీ చిగిర్చాయి. నేను కట్టిన ఇరవైలో రెండే. నాకు ఒళ్లు మండిపోయింది. ఆవిడ కోసిన కొమ్మను అతికించేముందు పెదాల మధ్య పెట్టుకోవడం గమనించాను. ఏదో మందు నోట్లో పెట్టుకుని దానికి పూస్తోందని నాతోపాటు ఉన్న అమ్మాయిలకు చెప్పేశాను. వాళ్లూ నమ్మారు. ఒకరోజు ధైర్యం చేసి అడిగేశాను.

"నోట్లో ఏం పెట్టుకుంటారండీ మీరు?"

ఆవిడ కత్తి కింద పెట్టి, నా ఎదురుగా వచ్చి, నోరు బార్లా తెరిచారు. "చూసుకో. కిళ్లీ కూడా లేదు. కోసింది గాలికి ఆరిపోకుండా పెట్టుకుంటానే. నువ్వు పని చేత్తన్నంతసేపూ వాగుతూనే ఉంటావు. నీ నోట్లో కొమ్మ ఎక్కడ నిలుత్తుంది?"

షెడ్డంతా ఘొల్లుమంది. ఉక్రోషంతో నాకు కళ్లనీళ్లు తిరిగాయి. కానీ మర్నాటినుంచి నోరు మూసుకుని పనిచేశాను. శిక్షణ చివర్లో కట్టినవి ఆ తర్వాత చూసుకుంటే ఇరవైకి పదహారు బతికాయి. ఆకు వాసన పట్టడం కూడా ఆ చివరి రోజుల్లోనే నేర్పారు. లేత ఆకు నలిపి కళ్లు మూసుకుని పీల్చాలి. బంగినపల్లి వాసన వేరు, చెరుకు రసం వేరు, కొత్తపల్లి కొబ్బరి వేరు, పేరులో కొబ్బరి ఉన్నా అదీ మామిడే. మాటల్లో చెప్పడం నాకు ఇప్పటికీ చేతకాదు. "ఎవడేం చెప్పినా నమ్మకండి. మీ ముక్కుని నమ్మండి," అనేవారు రత్నమ్మగారు.

సొంత నర్సరీ పెడతానంటే నాన్న మూడురోజులు మాట్లాడలేదు. నాలుగోరోజున గట్టు పక్కనున్న ఇరవై సెంట్లు చూపించారు. "ఒక్క ఏడాది. ఈ ఇరవై సెంట్లలో వరి పోతే మన తిండిగింజలు తగ్గుతాయి, తెలుసుగా? వచ్చే తొలకరికి నీ మొక్కలు అమ్ముడుపోతే సరి. లేదా మళ్లీ ఊడుపే." ఆ ఏడాది మా ఇంట్లో రెండోసారి అన్నం వడ్డించుకునేటప్పుడు అందరూ నావైపు చూసినట్టే ఉండేది నాకు.

దేవుడిలా ఒక మాస్టారు దొరికారు. ద్రాక్షారామం వైపు పల్లెలో రిటైరైన హెడ్మాస్టరు. ఉన్న కాస్త మెరకలో అరవై చెట్లు వేసుకుంటారట, అన్నీ కొత్తపల్లి కొబ్బరే కావాలన్నారు. చదువుకున్న ఆడపిల్ల కష్టపడుతోందని, వచ్చే వానాకాలానికి నా దగ్గరే తీసుకుంటానని మాటిచ్చారు. కొమ్మల కోసం మా దూరపు చుట్టం ఒకాయన కాపలా ఉన్న తోటకు కబురు పంపాను. వానల్లో అంత దూరం ఎవరు వెళ్తారని, ఆయన్నే కోసి పంపమన్నాను. తడి గోనెలో చుట్టిన రెండు కట్టలు వచ్చాయి. చకచకా కట్టేశాను. అరవైకి కావలసినన్ని చక్కగా చిగిర్చాయి. నాన్న సాయంత్రాలు వచ్చి వాటి మధ్య నిలబడేవారు.

మొక్కలు పంపడానికి వారం ఉందనగా రత్నమ్మగారు వచ్చారు. పిలవలేదు. వరసలో నడుస్తూ ఇక్కడొకటి, అక్కడొకటి ఆకులు తుంచి వాసన చూశారు. నాలుగోదో ఐదోదో దగ్గర ఆగిపోయారు.

"కొమ్మలు ఏ చెట్టువే?"

"కాపలా ఆయన కోసి పంపారండి. కొత్తపల్లి కొబ్బరే."

"చెట్టు నువ్వు చూశావా?"

"లేదండి."

"పెద్ద చెట్టయ్యుంటది. పైకెక్కి కొయ్యాలి. ఒక కట్ట పైకెక్కి కోశాడు, రెండో కట్టకి బద్ధకించి పక్క చెట్టుకి చేతికందింది కోసేశాడు. వీటిలో మూడో వంతు అది కాదే పద్మా. నువ్వే నలిపి చూడు."

నేను నలపలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఎందుకొచ్చిందో నాకు తెలుసనుకున్నాను. ఈ బేరం చెడగొట్టి, మాస్టారిని తన యజమాని దగ్గరికి లాక్కుపోవడానికే. ఆ మాట మొహం మీదే అన్నాను కూడా. ఆవిడ చేతిలోని ఆకు పారేసి, గట్టెక్కి వెళ్లిపోయారు. వెళ్లాక మాత్రం నలిపి చూశాను. ఎన్ని నలిపానో. ఆవిడ చెప్పింది నిజం.

మొక్కలు దింపించడానికి వెళ్లినరోజు మాస్టారు, "రత్నమ్మగారని ఎవరో వచ్చి వెళ్లారమ్మా," అన్నారు. "మొక్కలు నిక్షేపంలా బతుకుతాయన్నారు. రకం మాత్రం మిమ్మల్నే అడిగి తీసుకోమన్నారు. అన్నీ కొత్తపల్లి కొబ్బరేనా అమ్మా?"

ఐదేళ్లకు గానీ కాయ కనిపించదు. ఇంట్లో నాన్న ఎదురుచూస్తున్నారు. తిండిగింజల గురించి వేరే చెప్పనక్కర్లేదు. "అన్నీ అవేనండి," అన్నాను. ఆయన ఇంకో మాట అడగలేదు.

నర్సరీ నిలబడింది. విచిత్రమేమిటంటే, రెండో ఏడు దాటినప్పటినుంచి ద్రాక్షారామం వైపునుంచి మనుషులు రావడం మొదలుపెట్టారు. "మాస్టారు మీ దగ్గరే తీసుకోమన్నారండి" అనేవారు. నాకు ప్రాణం మీదికొచ్చేది. ఆయనకు తెలిసిపోయి, పదిమందినీ పోగుచేసి ఒకేసారి పరువు తీయడానికి చూస్తున్నారేమో అనుకునేదాన్ని. వాళ్లకిచ్చిన ప్రతి కొమ్మా నా చేత్తో, నా కళ్లెదుట ఉన్న చెట్టునుంచే కోశాను. అయినా కంటిమీద కునుకు ఉండేది కాదు. ఐదో వేసవిలో ఒకాయన వచ్చి, మాస్టారి తోటలో కాయ బ్రహ్మాండమండీ, అన్నీ ఒకే రకం అన్నాడు. అలా జరగడానికి వీల్లేదు. మర్నాడే బస్సెక్కాను.

చెట్లు గుత్తులు గుత్తులుగా కాశాయి. తిరుగుతూ ఒక చెట్టు మొదలు దగ్గర ఆగిపోయాను. కింద, జానెడు ఎత్తులో నేను కట్టిన అతుకు బుడిపె ఉంది. మోకాలెత్తున ఇంకో అతుకు ఉంది. అది నాది కాదు. అంత నున్నగా కలిసిపోయే కోత మా జిల్లాలో ఒక్కరిదే. అలాంటి చెట్లు లెక్కపెడితే పంతొమ్మిది ఉన్నాయి.

"రెండో ఏడు మీరు రత్నమ్మగార్ని పంపారు కదమ్మా," అన్నారు మాస్టారు వెనకనుంచి. "కొన్ని అతుకులు సరిగా లేవు, తలలు కోసి మళ్లీ కట్టి రమ్మని అమ్మాయి పంపిందండి అన్నారు. అమ్మేశాక కూడా ఇంత పట్టించుకునేవాళ్లు ఎవరుంటారమ్మా? అందుకే అందరికీ మీ పేరు చెబుతున్నాను."

ఊరుకుంటే సరిపోయేది. ఆ ఎండలో, ఆ రెండు అతుకుల ముందు నిలబడి ఊరుకోలేకపోయాను. "నేను పంపలేదండి. ఆవిడే వచ్చారు. ఇవి ఆ రకం కాదని నాకు ముందే తెలుసండి. మీకు అబద్ధం చెప్పాను," అన్నాను.

ఆయన వంగి ఆ రెండు అతుకులనూ తడిమి చూశారు. తర్వాత మెల్లగా అన్నారు. "మరి నా మాట మీద మీ దగ్గర కొన్నవాళ్ల సంగతేంటమ్మా? అవింకా కాయలేదు."

"అవన్నీ కొత్తపల్లి కొబ్బరేనండి. నేనే స్వయంగా కోశాను."

"అప్పుడూ ఇలాగే చెప్పారు కదమ్మా."

తిరిగొస్తూ నేరుగా రత్నమ్మగారింటికి వెళ్లాను. ఆయాసంతో మంచం మీద ఉన్నారు. జరిగిందంతా చెప్పి, "నా కోసమే కట్టారా అండీ?" అని అడిగాను, ఏడుస్తూ.

"నీ కోసమా? నన్నంత మాటన్నావు, నీ కోసమెందుకు కడతానే?" అన్నారు. "ఆ ముసలాయన రోజూ నీళ్లు మోసుకెళ్లి పోత్తన్నాడు. చూత్తా ఊరుకోలేకపోయాను. నీ పేరు చెప్పకపోతే కత్తి పట్టుకొచ్చిన నన్ను తోటలోకి రానిత్తాడా?" కాసేపు దగ్గి, మళ్లీ అన్నారు. "ఆయన మళ్లీ వత్తే నోటితో ఏం చెప్పకు. చెట్టు దగ్గరికి తీసుకెళ్లు."

నన్ను క్షమించారో లేదో చెప్పలేదు. ఆ చలికాలంలోనే పోయారు. నిజంగా నీళ్లు మోసే ముసలాయన కోసమే కట్టారా, నా మీద ఏ మూలో ఉన్న అభిమానంతోనా అన్నది నాకు ఇప్పటికీ తెగని అనుమానమే.

ద్రాక్షారామం వైపు బేరాలు ఆగిపోయాయి. నర్సరీ ఈడుస్తూ నడిపాను. ఐదేళ్లకు అక్కడి చెట్లన్నీ కాశాయి, అన్నీ చెప్పిన రకమే. ఆ మాట చెప్పడానికి ఎవరూ రాలేదు. ఆపై ఏడాది మాస్టారు వచ్చారు, చేతికర్రతో. పది మొక్కలు కావాలన్నారు. నేను రకం పేరు కూడా ఎత్తలేదు. ఆటో పిలిచి, కొమ్మలు కోసిన చెట్టు దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన ఆ చెట్టు చుట్టూ తిరిగి, పైకి చూసి, తిరిగొచ్చాక అన్నారు.

"ప్రస్తుతానికి రెండు ఇవ్వండమ్మా. వీటి కాయ చూశాక మిగతా ఎనిమిదీ తీసుకుంటాను. ఉంచండి."

డెబ్బై దాటిన మనిషి. రెండూ ఇచ్చి, ఎనిమిదీ పక్కన పెట్టాను. కాయ వచ్చిన ఏడాదికి ఆయన లేరు. ఆ ఎనిమిదీ సంచులు చీల్చుకుని వేళ్లు దింపితే, ఉన్నచోటే నాటేశాను. ఇప్పుడవి మా షెడ్డు కంటే ఎత్తు. ఎవరెంత అడిగినా వాటి కాయ అమ్మను. అన్నీ కొత్తపల్లి కొబ్బరే.