పెద్దక్కకు మర్యాద నేర్పిన ఎండాకాలం

మా ఊళ్లో మర్యాద తెలియని మనిషి ఎవరని అడిగితే చిన్నపిల్లలు కూడా పెద్దక్క ఇంటివైపు వేలు చూపిస్తారు. వేలు చూపించడం మర్యాద కాదనుకోండి, అది వేరే సంగతి.

పెద్దక్క అరుగు మీద కూర్చుంటే కాళ్లు బారజాపుతుంది. దారిన పోయే పెద్దమనుషులు ఆ పాదాలను తప్పించుకుని పోవాలి. ఆవులిస్తే వీధి చివర పడుకున్న కుక్క లేచి చూస్తుంది. నవ్వితే నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోదు. ఎంతటివాడితో మాట్లాడినా ఎడమచెయ్యి నడుం మీదే ఉంటుంది. ఆ చెయ్యి మీద మా ఊరి మగవాళ్లకు ఉన్నంత కోపం కరువు మీద కూడా లేదు. ఆమె గౌను తొడుక్కున్న నాటినుంచి ఆ నడుం మీద బిందె మోస్తోందని, బిందె దించినా చెయ్యి దిగడం మరిచిపోయిందని ఒక్కరికీ తట్టలేదు. పాపం, ఎలా తడుతుంది? వాళ్లలో ఎవరూ బిందె మోసినవాళ్లు కాదు.

ఆమె భర్త శివప్ప ఉన్న నాలుగెకరాల్లో బోరు మీద బోరు వేయించి, చుక్క పడక, ఆ దిగులుతోనే పోయాడు. పెద్దక్క చెనక్కాయ చేలల్లో కూలికి పోయి కొడుకు గిరిని పెంచింది. గిరి బెంగళూరులో గోడలు కడతాడు. కోడలు భారతి అత్త దగ్గరే ఉంటుంది. గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడే పిల్ల. ఆ ఇంట్లో నోరంతా అత్తదే అని జనం అనేవారు. నిజమే, కానీ ఆ నోరు కోడలి మీద లేవడం నేనెప్పుడూ వినలేదు.

ఇక మర్యాద తెలిసిన మనిషి గురించి చెప్పాలి. ఆయన హనుమంతరాయుడు. మా సర్పంచి హేమావతమ్మ భర్త. ఊరు ఓట్లేసి గెలిపించింది ఆమెను, కుర్చీలో కూర్చునేది ఈయన. సర్పంచులకు అనంతపురంలో శిక్షణ పెడితే, ఆడమనిషికి అంతదూరం ఎందుకని తానే వెళ్లి నేర్చుకుని వచ్చాడు. నలుగురిలో ఎలా నిలబడాలి, ఎలా నవ్వాలి, అధికారుల ముందు చేతులు ఎక్కడ పెట్టుకోవాలి, ఇవన్నీ నేర్పారట. పంచాయతీకి నీళ్లు ఎలా తెచ్చుకోవాలో చెప్పిన పూట ఆయన సినిమాకు పోయినట్టున్నాడు.

రెండువేల మూడు ఎండాకాలంలో మా ఊరి బోరు గాలి కక్కడం మొదలుపెట్టింది. ఊరవతల తోటలోని బావి దాకా నడిచి, అడుగున ఉన్న నీళ్లు చేది, మోసుకు రావాలి. ఆ సమయంలో కదిరి వైపు నుంచి ఒక పెద్ద అధికారి వస్తున్నాడని తెలిసింది. ఆయన ఊళ్లు చూసి, నీళ్లు లేవని నమ్మితేనే ట్యాంకరు పంపుతారు. మా బతుకంతా ఆయన కంటిచూపు మీద ఆధారపడింది.

హనుమంతరాయుడు ముందురోజు ఊరందరినీ బడి వరండాలో నిలబెట్టాడు. "గీరుకోగూడదు. ఉమ్మగూడదు. అగ్గిపుల్లతో చెవి కెలుక్కోగూడదు. చేతులు కట్టుకోవల్ల. సారు ఏమన్నా తలకాయ ఊపల్ల. ఎదురు మాట్లాడితే ఊరి పరువు పోతాది" అన్నాడు.

"దురద పెడితే ఏం చేయల్లన్నా?" అని ఓబుళేసు అడిగాడు. వాడిది న్యాయమైన ప్రశ్న. స్నానం చేసి ఎన్నాళ్లయిందో వాడికే తెలియదు.

"ఓర్చుకో" అన్నాడు రాయుడు. తర్వాత పెద్దక్క వైపు తిరిగాడు. "నువ్వు మాత్రం రావద్దులే పెద్దక్కా. నీ చెయ్యి సూస్తేనే సారుకు కోపమొస్తాది."

"నా చెయ్యి నిన్నేం చేసెనప్పా?" అని పెద్దక్క అక్కడికక్కడే ఆవులించింది.

మరునాడు తెల్లారగానే పెద్దక్క బావికి పోయింది. ఆమె అటు పోగానే రాయుడి మనుషులు ఇంటికొక బిందె చొప్పున నీళ్లు చందా ఎత్తారు. ఇంటికొచ్చిన వాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి నీళ్లివ్వకపోతే ఎంత అప్రదిష్ట! భారతి పది రోజుల బాలింత. పురిటి స్నానానికని అత్త దాచిన బిందెను, అడిగిన వాళ్లకు కాదనలేక ఇచ్చేసింది.

అధికారి జీపు దిగేసరికి బడి ముందు దుమ్ము లేవకుండా నీళ్లు చల్లి ఉంది. ముగ్గు ఉంది. రెండు బకెట్ల నిండా నీళ్లు ఉన్నాయి. ఆయన చెప్పులు విడిచి, హాయిగా కాళ్లు కడుక్కుని, మొహం కడుక్కుని, పుక్కిలించి ఉమ్మాడు. ఉమ్మకూడదన్న నియమం మాకే గానీ ఆయనకు లేదు. మిగిలిన నీళ్లతో డ్రైవరు జీపు అద్దం తుడిచాడు. మేము చేతులు కట్టుకుని, అది చూస్తూ నవ్వుమొహం పెట్టాం.

"మీ ఊరు చూస్తే ముచ్చటేస్తోంది. నీళ్లకు ఇబ్బంది ఉన్నట్టు లేదే?" అన్నాడాయన.

అందరూ తల ఊపారు. చెప్పింది చెప్పినట్టే చేశారు.

"అయితే ట్యాంకరు పక్క ఊరికి పంపిస్తాను" అని ఆయన జీపు వైపు కదిలాడు. హనుమంతరాయుడి నవ్వు అలాగే ఉండిపోయింది. ఎదురు చెప్పడానికి ఆయన దగ్గర మర్యాదైన దారి ఏదీ లేదు.

అప్పుడొచ్చింది పెద్దక్క. ఇంటికి పోయి, బిందె ఉండాల్సిన చోటు ఖాళీగా ఉండడం చూసి, కోడలిని అడిగి తెలుసుకుని నేరుగా వచ్చింది. జీపుకు అడ్డం నిలబడి, ఒక చెయ్యి నడుం మీద పెట్టి, రెండో చేతి వేలు అధికారి పాదాల వైపు చూపించింది.

"ఆ కాళ్ల మీది నీళ్లు నా కోడలివి సారూ. పచ్చి బాలింత. పురిటి నీళ్లకని పెట్టుకుంటే వీళ్లు ఎత్తుకపోయి నీ కాళ్లకు పోసినారు. ఈ ఊర్లో నీళ్లు లేవు. యాడా లేవు. తలకాయ ఊపినోళ్ల ఇండ్లకు పోయి సూడు."

"ఈమెకు కొంచెం తిక్క సార్. మర్యాద తెలీదు" అన్నాడు రాయుడు.

"నిజమేనా?" అని అధికారి మమ్మల్ని అడిగాడు. ఊరు ఊరంతా నేల చూసింది. అడిగినప్పుడు నిజం చెప్పడమెలాగో ముందురోజు ఎవరూ నేర్పలేదు.

బడి తలుపు వెనక నుంచి హేమావతమ్మ బయటికొచ్చింది. "నిజమే సార్. సర్పంచిని నేను. మా ఇంట్లో గూడా తాగే నీళ్లు లేవు" అంది. మా ఊరికి సర్పంచి ఆమేనన్న సంగతి అధికారికి అప్పుడే తెలిసింది. ఆయన తన తడి కాళ్ల వైపు చూసుకున్నాడు.

మరునాడు ట్యాంకరు వచ్చింది. పెద్దక్క మొదటి బిందె కోడలికి చేర్చి, రెండో బిందెకు తిరిగొచ్చేసరికి పైపు కింద హనుమంతరాయుడి బిందె ఉంది. నలుగురూ వింటుండగా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"నీళ్లొచ్చినాయి, సంతోషం. అయినా అంత పెద్ద సారుకు యేలు సూపిచ్చేది తప్పు పెద్దక్కా. ఊరి మర్యాద తీసేస్తివి."

"అట్లనా?" అంది పెద్దక్క. "అయితే ఇవి మర్యాద లేని నీళ్లప్పా, నీకు పడవు. బిందె తియ్."

హనుమంతరాయుడు బిందె తీయలేదు. అది నిండేదాకా ఆకాశం వైపు చూస్తూ నిలబడి, నిండగానే భుజానికెత్తుకుని, ఒక్క చుక్క కూడా ఒలకకుండా ఇంటికి పోయాడు.