నేను పెట్టని మాడ్

ఇది నిజంగా జరిగింది. నమ్మనివాళ్లు ఇప్పుడే లేచి ఇంటికి పోవచ్చు, నేనేమీ అనుకోను. కానీ కూర్చుని విని, మధ్యలో నవ్వితే మాత్రం ఊరుకోను. ముందే చెబుతున్నాను.

ఇందాకటి నుంచీ వింటున్నాను మీ గోల. పాత కంప్యూటర్ ఆట మొదటిసారి ఆడేవాడు మాడ్లు పెట్టుకోవాలా, వద్దా... ఒకడేమో బొమ్మలు మసగ్గా ఉన్నాయి, కొత్తవి కలుపుకో అంటాడు. ఇంకొకడు ఛీ, ఎవడో బయటివాడు చేసిన ముక్కలు కలిపితే అది ఆటేనా, మొదటిసారి ఉన్నదున్నట్టు ఆడాలి అంటాడు. ఆ రెండోవాణ్ణి నేనే. మొన్నటిదాకా. ఎంతమందికి ఉపన్యాసాలిచ్చానో లెక్కలేదు. నా నోరు పడిపోను.

మా బావ మీకు తెలుసు కదా. కవిటి బావ. మేనమామ కొడుకు, మా అక్కను చేసుకున్నాడు. చిన్నప్పుడు ఒకే కంచంలో తిన్నవాళ్లం. మూడేళ్ల కిందట రెండు కిడ్నీలూ పోయాయి. ఇంటికో కిడ్నీ రోగి ఉండే మా ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవడూ ఉలిక్కిపడడు. "అయ్యో, ఈయనకీనా" అని టీ తాగి వెళ్లిపోతారు. నాకు అదీ ఒళ్లుమంటే.

వారానికి మూడుసార్లు పలాసలో డయాలసిస్. తెల్లవారుజాము షిఫ్టు. అందుకని ముందురోజు సాయంత్రమే బస్సెక్కి కాశీబుగ్గలో నా గదికి వచ్చేసేవాడు. రాత్రి పడుకుని, పొద్దున్నే నా బండి మీద ఆస్పత్రికి.

వాడికి అసలు నరకం సూది కాదు. దాహం. రోజుకి అర లీటరే తాగాలి. టీ, మజ్జిగ, మాత్రలు మింగే నీళ్లు, అన్నీ కలిపి అర లీటరు. అంతకు మించి తాగితే బయటికి పోయే దారి లేదు. కాళ్లు ఉబ్బుతాయి, ఆపైన ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది, మనిషి కూర్చున్నచోటే ఉక్కిరిబిక్కిరైపోతాడు. సొంత తోట నిండా కొబ్బరి బొండాలు వేలాడుతుంటాయి. ఒక్కటి కొట్టుకుని తాగకూడదు. అది నీళ్లకంటే ప్రమాదం అన్నారు డాక్టరు.

అక్క నాకు ఒకే పని అప్పజెప్పింది. "ఒరే సూర్యం, పలాసలో ఉన్నంతసేపూ ఆయన నీళ్లు నీ పూచీ. ఆయన మాట నమ్మకు. సీసా సూడు." నేను సరేనన్నాను. అర లీటరు సీసా మీద మార్కరుతో గీతలు గీశాను. రాత్రి మరీ నాలుక పిడచకట్టుకుపోతే ఒక ఐసు ముక్క ఇచ్చేవాణ్ణి. అదీ గీత చూసి. జైలరు ఉద్యోగం.

ధ్యాస మళ్లుతుందని ఆట నేర్పించాను. ఇరవై ఏళ్ల నాటి ఆట, నా పాత కంప్యూటర్‌లో. వీరుడొకడు కొండలు, అడవులు, ఎడారి పట్టుకుని తిరుగుతుంటాడు. బావ దానికి అతుక్కుపోయాడు. కాకపోతే మొదటి రోజే అడిగాడు.

"ఒరే, ఈడికి దాహం ఎయ్యదేటి? పొద్దుట్నుంచి ఎండలో నడుత్తన్నాడు. సుక్క నీళ్లు ముట్టడు."

"ఆటలో అలాటిది నేదు బావా."

ఒక వారం పోయాక ఆస్పత్రి మంచం మీద పడుకుని ఫోన్లో ఏదో వీడియో చూశాడు. రాగానే చెప్పాడు. "నీళ్లు తాగించే మాడ్ ఒకటుందంటరా. ఏరు కాడ వంగి తాగుతాడంట. నాకింకేటీ వద్దు. అదొక్కటి పెట్టు."

నేనేం చేశాను? ఉపన్యాసం ఇచ్చాను. మొదటిసారి అలాగే ఆడాలి బావా, తయారుచేసినోడు ఏటనుకున్నాడో అది తెలవాల, ఆట పూర్తయ్యాక రెండోసారికి పెడదాం... అని.

వాడు తెరకేసి చూశాడు. "రెండోసారి దాకా ఉంటానేటి నాను?" అన్నాడు. మామూలుగానే అన్నాడు. నాకే కోపం వచ్చింది. అలాటి మాటలు నా దగ్గర మాటాడకు అని కసిరి, వంటింట్లోకి వెళ్లిపోయాను. మాడ్ మాత్రం పెట్టలేదు. పది నిమిషాల పని. ఇప్పుడు తలుచుకుంటే నన్ను నేనే తన్నుకోవాలనిపిస్తుంది.

సరే... ఆ రాత్రి సంగతి.

సోమవారం. ఉక్క. జీడి ఫ్యాక్టరీ వైపు నుంచి కాలిన తొక్కల వాసన వస్తోంది. సాయంత్రమే కొత్త నీళ్ల టిన్ను వేయించాను. అన్నంలోకి ఒక్క చెంబుడు తీశాను, అంతే. బావ సీసాలో రెండు గుక్కలు మిగిలాయి. అవి మాత్రలకు అయిపోయాయి. పది దాటాక నేను ముందు గదిలో చాప వేసుకున్నాను. వాడు లోపలి గదిలో ఆడుతున్నాడు. "ఎక్కువసేపు కూకోకు బావా" అన్నాను. "ఏరు దాటించి పడుకుంటాను" అన్నాడు.

ఎప్పుడు మెలకువ వచ్చిందో తెలియదు. ఎందుకు వచ్చిందో మాత్రం తెలుసు.

గుటక్...

కాసేపు ఏమీ లేదు.

గుటక్... గుటక్...

మధ్యలో చిన్నగా ఊపిరి తీసుకున్న చప్పుడు. ఎండనపడి వచ్చినవాడు చెంబు ఎత్తి పట్టుకుని ఎలా తాగుతాడు... అలా. ఆబగా. ఆగకుండా.

నాకు భయం వేయలేదు. ఒట్టి కోపం. దొంగతనంగా తాగేస్తున్నాడు, నేను నిద్రపోయేదాకా ఆగి మరీ తాగేస్తున్నాడు అనుకున్నాను. లేచి లోపలికి ఒక్క దూకు దూకాను. నోటిదాకా బూతు వచ్చింది.

గుమ్మంలోనే ఆగిపోయాను.

బావ ప్లాస్టిక్ కుర్చీలో ఉన్నాడు. చేతులు రెండూ ఒళ్లో ఉన్నాయి. కీబోర్డు మీద లేవు, మౌస్ మీద లేవు. గ్లాసు లేదు. సీసా లేదు.

తెర మీద ఏరు. వీరుడు ఒడ్డున మోకాళ్ల మీద కూర్చున్నాడు. వంగాడు. దోసిలి నీళ్లలో ముంచాడు. ఎత్తాడు. తాగాడు. మోచేతుల నుంచి చుక్కలు కారుతున్నాయి. మళ్లీ ముంచాడు...

ఇరవై ఏళ్లుగా ఆడుతున్నాను ఆ ఆట. ఆ వీరుడికి నడవడం వచ్చు, గెంతడం వచ్చు, కత్తి తిప్పడం వచ్చు. మోకాళ్ల మీద కూర్చోవడం రాదు. ఏటి ఒడ్డున నిలబడి మీరు ఏ మీట నొక్కినా వాడు కూర్చోడు. అలాటి కదలిక ఆ ఆటలోనే లేదు.

ఇంకా ఉంది... వినండి.

వాడు తెర మీద దోసిలి ఎత్తినప్పుడల్లా బావ గొంతు కదులుతోంది. ఇదిగో, ఇక్కడ... ఈ గొంతుముడి. పైకి, కిందికి. గుటక్... చప్పుడు అక్కడి నుంచి వస్తోంది. నోరు మూసే ఉంది. పెదాలు ఎండిపోయి, పగిలి, తెల్లగా పొట్టు లేచి ఉన్నాయి. ఆ పెదాలకు ఒక్క చుక్క తడి లేదు. కళ్లు తెరిచే ఉన్నాయి. తెరనే చూస్తున్నాడు. ముఖం మాత్రం... ఎలా చెప్పను... చాలా హాయిగా ఉంది.

ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. తర్వాత ఏమైందో... నేను భయపడ్డప్పుడల్లా నాకు కోపమే వస్తుంది, అది నా ఖర్మ. వెళ్లి భుజం పట్టి ఊపేశాను.

"ఏటి సేత్తన్నావు బావా?"

తెర మీద వాడు లేచి నిలబడ్డాడు. ఎప్పటిలా కత్తి భుజాన పెట్టుకుని, ఎప్పటిలా అటూ ఇటూ ఊగుతున్నాడు.

బావ నాకేసి చూశాడు. "ఏటైందిరా?"

"నీళ్లు తాగినావా?"

"నాను తాగనేదు."

వంటింట్లోకి పరుగెత్తాను. లైటు వేసి టిన్ను చూశాను. రాత్రి మెడ దగ్గర ఉన్న నీళ్లు బాగా కిందికి దిగిపోయాయి. మూడు లీటర్లకు తక్కువ కాదు. టిన్ను కుళాయి కింద చెయ్యి పెట్టాను. కారడం లేదు. నేల పొడిగా ఉంది. గ్లాసులు రెండూ నేను బోర్లించినవి బోర్లించినట్టే ఉన్నాయి, ఎండిపోయి. అవన్నీ చూశాను. చూసి కూడా ఆలోచించలేదు. మూడు లీటర్లు... అదొక్కటే బుర్రలో తిరిగింది.

తిరిగొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాను. "సచ్చిపోదామనుందా? సచ్చేటోడివి నీ ఇంటికాడ సావు. నా గదిలో సస్తే మా అక్కకి నానేటి సెప్పాల?" ఈ మాటలు అన్నాను. జబ్బుమనిషిని.

వాడు ఒకటే మాట. "తాగనేదురా. నా మీదొట్టు."

కంప్యూటర్ వెతికాను. ఆ మాడ్ నాకు తెలియకుండా పెట్టాడేమో అని ఆట ఫోల్డరు మొత్తం తెరిచి చూశాను. ఏమీ లేదు. అన్నీ పాత ఫైళ్లే, పాత తేదీలే. నేను ఎలా పెట్టానో అలాగే ఉంది.

అంతటితో ఆగి ఉంటే బాగుండేది. అక్కకు ఫోన్ చేశాను. ఆ అర్ధరాత్రి. "అక్కా, బావ మూడు లీటర్ల నీళ్లు తాగీసినాడు" అని చెప్పాను. అవతల ఏడుపు వినిపించింది.

బావ వింటూనే ఉన్నాడు. "మీ అక్కకి సెప్పీసినావా" అన్నాడు. అంతే. వెళ్లి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

నేను మంచం పక్కన కూర్చున్నాను. ఊపిరి ఎగబోస్తుందేమో, ఆటో పిలవాలేమో అని. రాత్రికి పదిసార్లు లేచి నాలుక తడుపుకోవాలని చూసేవాడు ఆ రాత్రి కదల్లేదు. చిన్నపిల్లాడిలా పడుకున్నాడు.

తెల్లవారుజామున ఆస్పత్రికి తీసుకెళ్లాను. అక్కడ ముందు బరువు చూస్తారు. క్రితంసారి సూది తీశాక ఎంత ఉన్నాడో కాగితం మీద రాసి ఉంటుంది. ఇప్పుడెంత పెరిగాడో అదంతా ఒంట్లో చేరిన నీరు. శనివారం యాభై రెండు కిలోలతో వెళ్లాడు. ఎంత జాగ్రత్తగా ఉన్నా వచ్చేసరికి యాభై నాలుగు ఉంటాడు. ఆ రోజు యాభై ఏడు ఉంటాడని నా లెక్క. టెక్నీషియన్ తిడతాడు, తిట్టాలి, గట్టిగా తిట్టాలి అనుకుంటూ నిలబడ్డాను.

యాభై రెండు.

టెక్నీషియన్ దింపి, మళ్లీ ఎక్కించాడు. యాభై రెండు. తను ఎక్కి చూసుకున్నాడు, మిషను బాగానే ఉంది. "ఏటి బాబూ, ఈసారి నీళ్లు ముట్టనేదేటి? అందరూ మీలాగుంటే నాకు పనే ఉండదు" అని మెచ్చుకున్నాడు.

నేను తల ఎత్తలేకపోయాను. రోజుకి అర లీటరు తాగినవాడు కూడా కొంచెం పెరగాలి కదా... అది నాకు ఇప్పటికీ తెగలేదు. టిన్నులో నీళ్లు ఎటు పోయాయి? వాడి ఒంట్లోకి పోలేదు. నేల మీద పడలేదు. ఇంట్లో ఇంకెవరూ లేరు.

మంచం మీద సూదులు గుచ్చాక నన్ను దగ్గరికి పిలిచాడు. తిడతాడనుకున్నాను. నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఒరే, రాత్రి నాకు దాహం తీరిందిరా. మూడేళ్లయింది. సల్లగా... కడుపులోకి దిగుతుంటే తెలిసింది." నా చెయ్యి నొక్కాడు. "ఆ మాడ్ తీకు."

"నాను ఏ మాడూ పెట్టనేదు బావా."

"సరేలే. తీకు."

బుధవారం రాత్రి మళ్లీ వచ్చాడు. చెప్పులు కూడా సరిగ్గా విప్పకుండా కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. వీరుణ్ణి ఏటి ఒడ్డుకు తీసుకెళ్లి చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు. వీరుడు కత్తి భుజాన పెట్టుకుని ఊగుతూ నిలబడ్డాడు. గంట. రెండు గంటలు. నేనూ పక్కనే కూర్చున్నాను.

"తీసీసినావా?" అన్నాడు.

ఎన్ని రకాలుగా చెప్పానో. ఒట్లు వేశాను. వినలేదు. అప్పుడు ఆ మాడ్ నెట్‌లోంచి దించి పెట్టాను. అసలుది, వాడు వీడియోలో చూసినది. మొదటిసారి లేదు, రెండోసారి లేదు, నా సిద్ధాంతం గంగలో కలిసింది. తెర మూలన దాహం గీత ఒకటి వచ్చింది. వీరుడు వంగి, ఏదో చెయ్యి ఆడించి లేస్తాడు. గీత నిండుతుంది. మళ్లీ తగ్గుతుంది, ఎర్రబడుతుంది. ఆ ఎర్ర గీత చూస్తూ బావ పెదాలు తడుపుకుంటున్నాడు. నాలుక మీద తడి లేదు. దొరికిన ఇంకో రెండు మాడ్లు పెట్టాను. అవీ అంతే.

"ఇది కాదు" అన్నాడు. "ఆ రోజు కోపంలో తీసీసినావు. నాకు తెలుసు."

ఆ తర్వాత నా గదికి రావడం మానేశాడు. రాత్రి రెండింటికి లేచి, ఎవరి బండో పట్టుకుని కవిటి నుంచి నేరుగా ఆస్పత్రికి వస్తున్నాడు. ఆ ఒంటితో. నేను ఎదురుపడితే పక్కకు చూస్తాడు.

నిన్న అక్క ఫోన్ చేసింది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "ఒరే, ఆయన రాత్రుళ్లు నిద్రపోటం నేదు. నూతి కాడికెల్లి కూకుంటన్నాడు. నాకు భయమేత్తంది. నువ్వు ఆ ఆటలోంచి ఏటి తీసినావో అది మళ్లీ పెట్టీరా. నీకు పున్నెముంటాది."

"నానేటీ తియ్యనేదక్కా. అసలు పెడితే కదా తీడానికి."

"ఇంకా కోపం పోనేదేటిరా నీకు" అని ఫోన్ పెట్టేసింది.

ఇప్పుడు చెప్పండి. మాడ్లు పెట్టాలా వద్దా అని పొద్దస్తమానం కొట్టుకుంటారు కదా, అన్నీ తెలిసినవాళ్లు కదా మీరు. రేపు మా బావ తెల్లవారుజాము షిఫ్టుకి వస్తాడు. అక్క అడిగింది నేను తెచ్చి పెట్టాలి. ఏం తెచ్చి పెట్టను?