గంట మీది ఎళుత్తు, సముద్రపొడ్డు ఫోటో

ఆ రోజుల్లో మా ఇంట్లో అందరికీ తెలుగు వచ్చు. చదవడం మాత్రం ఒక్కరికీ రాదు. ఇప్పుడు చెబితే నవ్వుతారు గాని, కోవిల్‌పట్టి చుట్టుపక్కల నల్లరేగడి ఊళ్ళలో అదేమీ వింత కాదు. అన్నం అడిగేది, తిట్టుకునేది, ఎద్దును అదిలించేది తెలుగులో. బడికి పోయినా సంతకు పోయినా అరవం. అక్షరం అనే మాట కూడా మాకు లేదు, అరవవాళ్ళలాగే ‘ఎళుత్తు’ అనేవాళ్ళం. మన మాటకూ ఒక ఎళుత్తు ఉందనడానికి ఇంట్లో ఒకే ఒక్క సాక్ష్యం, పెరుమాళ్ళ పటం ముందు వేలాడే కంచుగంట. దాని అంచు చుట్టూ గుండ్రగుండ్రంగా ఏవో చెక్కి ఉండేవి. మా పెద్దలు ఉత్తరాన మన దేశం నుంచి వచ్చేటప్పుడు మోసుకొచ్చారని అవ్వ చెప్పేది. శనివారం పూట దాన్ని చింతపండు పెట్టి తోమి మోగించడం మా చిన్నాయన వంతు. అందులో ఏముందో తెలియకపోయినా, ప్రతి గుండ్రాన్నీ విడివిడిగా తోమేవాడు.

ఆ చిన్నాయన ఒక ఏడు పత్తి ఎండిపోయిన కోపంలో అవ్వతో మాటామాటా అనుకుని, ‘నేను పోతా’ అని లేచాడు. (మా ఇంట్లో ఎవరో ఒకరు వారం వారం అలా లేచేవాళ్ళే, నిజంగా వెళ్ళింది ఆయనొక్కడే.) ఏడాది దాటినా కబురు లేదు. విళాత్తికుళం పక్క నుంచి చిన్నాయన పెళ్ళాం, మా చిన్నమ్మ వాళ్ళ నాయన కబురు పెట్టాడు, శుక్రవారం బండి కట్టుకొచ్చి కూతుర్ని తీసుకుపోతానని. తీసుకుపోతే మళ్ళీ పంపడని అందరికీ తెలుసు. చిన్నమ్మ మాత్రం తన పనులు తాను చేసుకుంటూ ఉండేది.

సరిగ్గా ఆ వారంలోనే ఫోటో వచ్చింది. ఓడ దిగినవాడెవడో ఇంకొకడికిచ్చి, ఆ ఇంకొకడు కడంబూరులో బంధువుకిచ్చి, చేతులు మారి మారి మా ఇల్లు చేరింది. ఇచ్చినవాడికి ఎక్కడిదో తెలియదు. సముద్రం, ఇసుక, వెనక సరుగుడు చెట్లు, వాటి ముందు పాతిన స్తంభం మీద ఒక పెద్ద పలక. ఆ స్తంభాన్ని గట్టిగా పట్టుకుని చిన్నాయన. ముఖంలో నవ్వు కూడా ఉంది.

“తిరుచ్చెందూరు,” అంది అవ్వ. గుడికి పోయినప్పుడు ఆవిడ చూసిన సముద్రం అదొక్కటే.

“తిరుచ్చెందూరయితే కోయిలు యాడ అవ్వా?” అన్నాను.

“కోయిలు ఈ పక్క ఉంటాది. పటం తీసేవాడు ఆ పక్క తిరుక్కోని తీసిండాడు.”

వచ్చినవాళ్ళంతా తూత్తుకుడి అన్నారు, కొలంబో అన్నారు. చిన్నమ్మ ఎవరి మాటా వినలేదు. ఫోటో నా చేతిలో పెట్టి, “నువ్వు చదివినవాడివి గదా అయ్యా, ఆ పలక మీద ఏమి రాసిండాదో చూడు,” అంది.

అప్పటికి నాకు పందొమ్మిదేళ్ళు. విరుదునగరంలో పత్తి కంపెనీలో గుమాస్తాను. జేబులో పెన్ను, తలకు నూనె, ఎనిమిదో క్లాసు దాకా చదువు. ఇంతకంటే పండితుడు మా ఊళ్ళో లేడు. పలక చూశాను. అరవం కాదు, ఇంగ్లీషూ కాదు. గుండ్రంగా, తలకాయకు చిన్న సున్న, వెనక తోక. ఎక్కడో చూసినట్టుంది. లేచి గంట దగ్గరికి పోయి పక్కన పెట్టి చూశాను. అదే గుండ్రం, అదే తోక! ఒళ్ళు జల్లుమంది.

“అవ్వా, ఇది మన ఎళుత్తు! చిన్నాయన మన దేశంలో ఉండాడు!”

ఇల్లంతా గంట చుట్టూ మూగింది. అవ్వ ఏడ్చింది. మన పెద్దలు నడిచివచ్చిన దేశమైతే రైలెక్కి పోయి పిలుచుకు రావచ్చు కదా. చిన్నమ్మ ఆ పూటే మూట కట్టింది. విరుదునగరం జంక్షను గనుక ఏ ఊరికైనా టిక్కెట్టు దొరుకుతుందని నేనే చెప్పాను. (గుమాస్తా మాట కాదనేవాళ్ళెవరు?)

మర్నాడు విరుదునగరంలో దిగి టిక్కెట్టు కిటికీ దగ్గర నిలబడ్డాం. చిన్నమ్మ అరవంలో, తెలుగు ఊరికి ఒక టిక్కెట్టు ఇమ్మంది. ఏ ఊరని అడిగాడు లోపలివాడు. ఫోటో లోపలికి తోసి, ఈ సముద్రం ఉన్న ఊరికి అంది. వెనక జనం గొణుక్కుంటున్నారు. నా చెవులు కాలిపోతున్నాయి. చివరికి ఆయన విసుక్కుని, బెజవాడ వైపు మనిషి, గార్డు ఒకాయన ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు, అడగండి పొమ్మన్నాడు.

గార్డు గారు ఫోటోను అటూ ఇటూ తిప్పి చూశాడు.

“ఇది తెలుగని ఎవరు చెప్పారమ్మా?”

చిన్నమ్మ నా వైపు చూసింది. నేను పెన్ను సర్దుకున్నాను.

ఆయన నవ్వలేదు, పాపం. పార్సెళ్ళ దగ్గర బియ్యం మూటలు లెక్క చూసుకుంటున్న వ్యాపారి రావుత్తరును పిలిచి చూపించాడు. ఓడెక్కి పినాంగు దాకా పోయివచ్చిన మనిషి ఆయన. చూడగానే అరవంలో, ఇది సయాం దేశపు రాత, అటువైపు పనికి పోయినవాళ్ళు సముద్రపొడ్డున ఇలాగే తీయించుకుంటారు అన్నాడు. ఇక్కడి నుంచి రైలు ఉందా అని చిన్నమ్మ అడిగింది. సముద్రం ఉందమ్మా, అన్నాడాయన.

చిన్నమ్మ మూట పక్కన పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆవిడ మాత్రం తలెత్తి గార్డును అడిగింది.

“అట్లయితే సామీ, మన ఎళుత్తు ఎట్లుంటాది?”

ఆయన జేబులోంచి సుద్దముక్క తీసి ఎవరి పేరు రాయమంటావమ్మా అన్నాడు. ఆవిడ నోట మొగుడి పేరు రాదు కదా, నన్ను చూసింది. నేను చెప్పాను. ఆయన ఒక పార్సెలు పెట్టె మీద చిన్నాయన పేరు రాశాడు. చిన్నమ్మ ఆ పెట్టెనూ ఫోటోనూ మార్చి మార్చి చూసింది.

“ఇదీ గుండుగానే ఉండాది,” అంది. తర్వాత లేచి మూట చంకన పెట్టుకుంది. “దా అయ్యా, ఇంటికి పోతాము. పటం పంపించినవాడు రాకుండా యాడికి పోతాడు?”

శుక్రవారం బండి వచ్చింది. చిన్నమ్మ ఫోటో చేత్తో పట్టుకుని వాకిట్లోనే నిలబడి, “నేను వచ్చేది లేదు నాయనా,” అంది. బండి ఖాళీగా పోయింది.

ఆ గార్డు గారు విరుదునగరంలో ఆగినప్పుడల్లా నాకు అక్షరాలు నేర్పాడు. (‘మీది ఏ కాలం తెలుగోయ్, మా ముత్తవ్వ మాట్లాడినట్టుంది’ అని మురిసిపోయేవాడు.) నేర్చుకున్నాక నేను చదివిన మొదటి తెలుగు మా గంట. అందులో దాన్ని చేయించిన ఎవరో శెట్టిగారి పేరుంది. ఆయనెవరో మా వంశంలో ఎవరికీ తెలియదు. అవ్వకు చెబితే, “ఊరకుండరా, ఎవురికీ చెప్పొద్దు,” అంది.

ఇంకో రెండు పత్తిపంటలు పోయాక, ఒక మధ్యాహ్నం చిన్నాయన గడపలో నిలబడ్డాడు. నల్లబడ్డాడు, చిక్కాడు. అన్నం తిని, ఎవరూ చెప్పకుండానే గంట దించి చింతపండు పెట్టి తోమడం మొదలుపెట్టాడు. నేను ఫోటో తెచ్చి, ఆ స్తంభాన్ని ఎందుకట్లా పట్టుకున్నావని అడిగాను.

“ఏమిరా, చూసింటే తెలిసిండదా? ఇదో, ఈ ఎళుత్తే గదరా అది! రేవులో దిగి దిక్కు తెలీక నడస్తా ఉంటిని, ఆ పలక కనపడె. మనవాళ్ళు ముందే ఈడికి వచ్చి పోయిండారు, బయపడేదానికి లేదు అనుకొంటి. మీరూ బయపడకూడదని దాన్ని పట్టుకోనే పటం తీయించుకొంటి.”

అది సయాం రాతని చెప్పడానికి నేను నోరు తెరిచాను. అప్పటికి నాకు తెలుగు చదవడం వచ్చు మరి. వంటింటి గుమ్మంలోంచి చిన్నమ్మ నన్నే చూస్తోంది.

“చూస్తానే కనుక్కొంటిమి చిన్నాయనా,” అన్నాను.

ఆ గంటా ఆ ఫోటో ఇప్పుడు మా ఇంట్లో పక్కపక్కనే ఉన్నాయి. పిల్లలు అడిగితే సయాం అనే చెబుతాను. ఒక్కణ్ణే కూర్చుని చూసేటప్పుడు మాత్రం ఆ పలక నాకు ఇప్పటికీ తెలుగులాగే కనిపిస్తుంది. జేబులో పెన్ను పెట్టుకుని దాన్ని గడగడా చదివేసిన ఆ పందొమ్మిదేళ్ళ పండితుడు గుర్తొచ్చి నవ్వొస్తుంది. అంత బాగా నేను మళ్ళీ ఏదీ చదవలేదు.