రువైస్ ఒడ్డున షేరి చేప కోసం

కంటి అద్దాలు మార్చుకుందామని పోయిన వారం జగిత్యాలకు వెళ్ళినప్పుడు, అద్దాల దుకాణం పక్కనే కొత్తగా వెలసిన మరో దుకాణం ముందు నాకు తెలియకుండానే నా కాళ్ళు ఆగిపోయాయి. అక్కడ అమ్మేవి చేపల గాలాలు. మన చిన్నతనంలో కిరాణా కొట్టువాడు పాత కాగితంలో పొట్లం కట్టి ఇచ్చిన గాలాలు కావవి. అద్దాల వెనుక రంగురంగుల రబ్బరు కప్పలు, కళ్ళు పెట్టిన ప్లాస్టిక్ చేపపిల్లలు, తళతళలాడే రేకులు వరుసగా వేలాడుతున్నాయి. ఇది కొర్రమట్టకు, ఇది బొచ్చెకు అంటూ దుకాణదారు చూపిస్తూంటే, అందులో చెంచా ఆకారంలో ఉన్న ఒక రేకును చేతిలోకి తీసుకున్నాను. ఇంతలో నా అద్దాలు తయారైనాయని పక్క దుకాణం నుంచి పిలుపు వచ్చింది. ఇంటికి వచ్చే బస్సులో మాత్రం నా మనసు జగిత్యాలలోనూ లేదు, మా ఊళ్ళోనూ లేదు. రువైస్ ఒడ్డున, చలిగాలిలో ఉంది.

మన తరంలో గల్ఫ్ పోయినవాళ్ళకు రువైస్ గురించి చెప్పనక్కరలేదు. ఊళ్ళో అందరూ దుబాయ్ పోయాడనే అనేవారు గాని, మేము దుబాయ్ మొహం చూసింది విమానం దిగిన పూటే. అబుధాబి నుంచి కూడా గంటల కొద్దీ ఇసుకలో పోతే తప్ప రాని చోటది. రిఫైనరీ ఇంకా కడుతున్న రోజులు. ఒక పక్క ఎడారి, ఒక పక్క సముద్రం, నడుమ మా క్యాంపు రేకుల గదులు. ఒకే గదిలో మేము ముగ్గురం ఒకే కుటుంబం వాళ్ళం ఉండేవాళ్ళం: మా అక్క భర్త అయిన మా బావ, బావకు సొంత అన్న అయిన పెద్దబావ, నేను. పెద్దబావ ముందుగా వచ్చి, తమ్ముణ్ణి పిలిపించి, ఆ తర్వాత నన్ను పిలిపించాడు. ఆయన మేస్త్రీ, బావ పైపులు బిగించే ఫిట్టరు, నేను ఇనుప చువ్వలు కట్టే పనిలో ఉండేవాణ్ణి.

బావకు చేపల పిచ్చి. ఊళ్ళో ఉన్నప్పుడు బతికిన కప్పను గాలానికి గుచ్చి కొర్రమట్టను పట్టడంలో ఆయనకు మంచి పేరుండేది. కాని సముద్రం ముందు ఆ విద్య ఏదీ పనికి రాలేదు. మా చెరువు పొద్దున ఎక్కడుంటే సాయంత్రమూ అక్కడే ఉంటుంది. ఈ సముద్రం మాత్రం చూస్తూండగానే వెనక్కి పోతుంది, మళ్ళీ ముందుకు వస్తుంది. ఏ నీటికి ఏ చేప ఒడ్డుకు వస్తుందో తెలుసుకోవడానికే ఆయనకు మొదటి ఏడాది సరిపోయింది. తర్వాత ఎరల మీద పడ్డాడు. పాలపొడి డబ్బాలో ఒక చిన్న ప్రపంచాన్నే పోగు చేశాడు: కోడి ఈకలు, ఎర్ర ఉన్ని ముక్కలు, సిగరెట్టు పెట్టెల్లోని వెండి కాగితం, కరిగించి పోసిన సీసం గుండ్లు. వీటన్నిటికంటే ఆయనకు ముద్దు చెంచాలు. మెస్సులోని స్టీలు చెంచాకు కాడ కోసేసి, వర్క్‌షాపులో రెండు పక్కలా రంధ్రం పెట్టి, ఒక కొసకు దారం, మరో కొసకు గాలం కట్టి, మొహం కనపడేదాకా రుద్దేవాడు. మెస్సులో చెంచాలు ఎందుకు తగ్గిపోతున్నాయని మలయాళీ వంటాయన ఎప్పుడూ గొణిగేవాడు. ఆయన గొణిగినప్పుడల్లా బావ తల వంచుకొని చేత్తో తినేవాడు.

ఎండాకాలం నీళ్ళు తేటగా ఉన్నప్పుడు ఆ చెంచాను దూరంగా విసిరి వడివడిగా లాగితే, పారిపోయే చేపపిల్ల అనుకొని పెద్దవి వెంటబడి వచ్చేవి. చలికాలం కథ వేరు. ఉత్తరాన్నుంచి షమాల్ గాలి మొదలైతే నీళ్ళు బురదగా మారి, చల్లబడి, చేపలు అడుగున మందకొడిగా పడి ఉండేవి. అప్పుడు సన్నని దారం, చిన్న గాలం, చిన్న ముక్క ఎర అడుగుదాకా వదిలి, జానెడు ఎత్తి, మళ్ళీ మెల్లగా దించుతూ ఓపికగా కూర్చునేవాడు. అలా పడేది షేరి. లేత రంగు ఒంటి మీద నీలపు చుక్కలతో గట్టి కండ ఉన్న చేప. ఇంటి నుంచి తెచ్చుకున్న చింతపండు వేసి వండితే ఆ శుక్రవారం మాకు పండుగే.

పెద్దబావకు ఇదంతా గిట్టేది కాదు. వారానికి ఒక్కరోజు దొరికే సెలవు, పడుకొని నడుము వాల్చక నీళ్ళ కాడ పాడు చేస్తాడని కసురుకునేవాడు. కూర మాత్రం రెండోసారి వడ్డించుకునేవాడు. ఏనాడూ ఒడ్డుకు వచ్చిన పాపాన పోలేదు.

ఒక చలికాలం మొదట్లో, మధ్యాహ్నం భోజనానికి కూర్చున్న బావ ఛాతీలో మంటగా ఉందని చెప్పి పక్కకు ఒరిగాడు. క్లినిక్కు తీసుకుపోయేలోపే అయిపోయింది. నాకంటే ఆరేడేళ్ళు పెద్ద, అంతే. మాకు సెలవు దొరకలేదు. కాగితాలు పూర్తయి శవపేటిక విమానం ఎక్కడానికే చాలా రోజులు పట్టింది. సెలవు మీద పోతున్న మా పక్క ఊరి మనిషి ఒకతను దాని వెంట పోయాడు. ఆ రోజులన్నీ పెద్దబావ డ్యూటీకి పోయాడు, వచ్చాడు, తిన్నాడు, పడుకున్నాడు. ఒక్క మాట మాట్లాడలేదు, ఒక్క చుక్క కన్నీరు కార్చలేదు. నేను గోడ వైపు తిరిగి ఏడిస్తే దుప్పటి తెచ్చి నా మీద కప్పి పోయేవాడు.

ఆ పక్క ఊరి మనిషి సెలవు ముగించుకొని తిరిగి వచ్చి, మా గదిలో కూర్చొని అంతా చెప్పాడు. దహనం అయిందట. దినాలు అయ్యాయట. అయితే పిట్టకు పెట్టిన నాడు కోడికూర, కల్లు, బూరెలు అన్నీ పెట్టినా పొద్దుగూకేదాకా ఏ పిట్టా ముట్టలేదట. మన దగ్గర అదెంత బాధో మీకు తెలుసు. పోయినవాడి మనసులో ఏదో కొరత మిగిలిపోయిందని అర్థం. చివరికి మా అక్క ఆ మనిషితో మాకు కబురు పంపింది.

“ఆడ ఏదో సముద్రం చేప దొరుకుతదని, చింతపులుసు పెట్టి తింటమని లీవుకు వచ్చినప్పుడల్లా చెప్పేటోడట. ఆయన పానం దాని మీదనే ఉన్నదేమో, అక్కడ్నే వండి పెట్టుమన్నది మీ అక్క,” అన్నాడతను.

పెద్దబావ లేచి, మంచం కింద నుంచి బావ పాలపొడి డబ్బా బయటికి తీశాడు.

ఆ శుక్రవారం పొద్దున ఇద్దరం ఒడ్డుకు పోయాం. షమాల్ ఈడ్చి కొడుతోంది. నీళ్ళు మట్టి కలిపినట్టు ఉన్నాయి. నేను రొయ్య ముక్క గుచ్చుదామంటే ఆయన వినలేదు. తమ్ముడి చేతి చెంచానే కట్టమన్నాడు. ఆ నీళ్ళలో చెంచా మెరుపు చేపకు కనపడదని చెప్పినా వినలేదు. బావిలోంచి చేద లాగినట్టు బలంగా లాగేవాడు. గంటల తరబడి విసిరి, లాగి, చేతులు దారానికి కోసుకుపోయినా ఆపలేదు. చివరికి చెంచా రాళ్ళ సందులో ఇరుక్కుంది. దారం తెంపుదామని నేను కత్తి తీసేసరికి ఆయన చొక్కాతోనే నీళ్ళలోకి దిగిపోయాడు. ఛాతీదాకా నీళ్ళు, అల మీద అల. నేను వెంటపడి దిగి రెక్క పట్టుకున్నాను.

“పోతే పోనీ పెద్దబావా, అసొంటిది ఇంకోటి నేను చేస్త,” అన్నాను.

“నువ్వు చేస్తే వాడు చేసినట్టయితదా?” అన్నాడు, నా వైపు తిరగకుండానే.

కాళ్ళతో తడిమి తడిమి దాన్ని విడిపించుకొని గాని బయటికి రాలేదు. గదికి వచ్చాక రాత్రంతా ఒంటి మీద రెండు దుప్పట్లు కప్పినా వణుకు తగ్గలేదు. చేప మాత్రం లేదు.

మరుసటి శుక్రవారానికి గాలి కొంత పడింది గాని నీళ్ళింకా తేటపడలేదు. ఆ ఒడ్డునే తీగ బుట్టలతో చేపలు పట్టే ఒక ముసలి అరబ్బు ఉండేవాడు. బావతో ఆయనకు సలాము, నవ్వు, వచ్చీరాని హిందీలో నాలుగు మాటలు ఉండేవి. బావ రాలేదేమని అడిగాడు. చెప్పాను. “అల్లా యర్హమా,” అని పోయినవాడికి దేవుడి దయ కోరాడు. ఎందుకు వచ్చామో కూడా చెబితే, తన బుట్టలోంచి మంచి షేరి ఒకటి తీసి పెద్దబావ ముందు పెట్టాడు. నా ప్రాణం కుదుటపడింది. పెద్దబావ ఆ చేపకు దండం పెట్టినంత పని చేసి, తిరిగి బుట్టలో పెట్టేశాడు.

“వాడు ఇంకొకరు పట్టిన చేప ఎన్నడు తినలే,” అన్నాడు నాతో.

అది నిజమే. ముసలాయనకు ఆ మాట హిందీలో చెబితే తల ఊపి, చేపకు బదులు ఇప్పుడు పెద్ద హోటళ్ళలో స్క్విడ్ అంటున్నారే, ఆ మెత్తని తెల్లని జీవిని ఒకదాన్ని ఇచ్చి, ఎరకు పనికొస్తుందన్నాడు. దాన్ని సన్నగా చీలికలు కోస్తూంటే పెద్దబావ మళ్ళీ చెంచానే కడుతున్నాడు. అప్పుడు నాకు బావ ఎప్పుడో నవ్వుతూ అన్న మాట నోటికి వచ్చింది.

“ఎండకాలం చేప కంటితోని తింటది, చలికాలం ముక్కుతోని తింటది అనేటోడు పెద్దబావా. ఈ కాలంల ఆయన కూడా చెంచా కట్టకపోతుండె.”

ఆయన చేతులు ఆగాయి. “వాడన్నడా ఆ మాట?”

“చానాసార్లన్నడు.”

“ఇంకేమనేటోడు?”

చెప్పాను. దారం సన్నగా ఉండాలని, గాలం మొన ఎర దాటి బయటికి కనపడగూడదని, అడుగు తగిలాక జానెడే ఎత్తాలని, మొదట తగిలే చిన్న తట్టుకు లాగగూడదని, అది రుచి చూడటమేనని, దారం పక్కకు నడిచినప్పుడే చేతిని ఎత్తాలని. బడిలో పాఠం వింటున్నవాడిలా విన్నాడు. చెంచాను విప్పి, తుడిచి, చొక్కా జేబులో పెట్టుకున్నాడు. తెల్లని చీలిక గుచ్చిన గాలాన్ని తానే నీళ్ళలోకి వదిలాడు. ఆ తర్వాత నన్ను తాకనివ్వలేదు.

మిట్ట మధ్యాహ్నం దాటాక, పోటు ఎక్కుతుండగా దారం రెండు తట్లు తట్టింది. ఆయన కదలలేదు. ఊపిరి బిగబట్టి వేళ్ళ మీదికి చూస్తూ ఉండిపోయాడు. దారం మెల్లగా కుడివైపుకు నడిచింది. అప్పుడు ఎత్తాడు, బావిలో చేదలా కాదు, నిద్రపోతున్న పసిపిల్లను ఎత్తినట్టు. షేరి ఒడ్డుకు వచ్చి రాళ్ళ మీద పడ్డాక దాని పక్కనే కూలబడి, ఎంతోసేపు దాన్ని అరచేత్తో నిమురుతూ కూర్చున్నాడు.

గదిలో కిరోసిన్ పొయ్యి మీద నేనే వండాను. చింతపండు, కారం, మెంతులు, బావకు ఇష్టమైనట్టు పులుసు చిక్కగా. పొద్దుండగానే అన్నం, కూర స్టీలు పళ్ళెంలో పట్టుకొని మళ్ళీ ఒడ్డుకు పోయాం. అక్కడ కాకులు లేవు, తెల్లని సముద్రపు పిట్టలే. అవి లెక్కకు వస్తాయా అని దారిలో అడిగితే, పిట్ట పిట్టనే అన్నాడాయన. బండ మీద పళ్ళెం పెట్టి, ఊదుబత్తి ముట్టించాం. పిట్ట రాకపోతే పోయినవాడికి ఏదో ఒక మాట ఇవ్వాలి కదా. నీ పిల్లలకు మేమున్నామనో, నీ బాకీ మేము చూసుకుంటామనో. పెద్దబావ దారి పొడవునా పెదవులు కదుపుతూ ఏదో కూడబలుక్కుంటూ వచ్చాడు. ఇన్ని రోజులకు ఆయన తమ్ముడి కోసం నోరు విప్పబోతున్నాడని నాకు అర్థమైంది.

ఆ అవసరమే రాలేదు. మేమింకా వెనక్కి రెండడుగులు వేయకముందే ఒక పిట్ట బాణంలా దిగి, చేప ముక్క నోట కరుచుకొని లేచిపోయింది. దాని వెనుక మరొకటి, మరొకటి. కళ్ళు మూసి తెరిచేలోపు పళ్ళెం ఖాళీ. నేను రెండు చేతులూ జోడించి ఏడ్చేశాను, సంతోషమో దుఃఖమో తెలియకుండా. పక్కకు చూస్తే పెద్దబావ మొహంలో ఊరట లేదు. తమ్ముడికి చెప్పాలని కూడబలుక్కున్న మాట చెప్పకుండానే మిగిలిపోయింది. తర్వాత వంగి పళ్ళెం తీసి సముద్రపు నీళ్ళలో కడిగాడు.

ఆ కబురు అక్కకు చేరాలి. ఉత్తరాలు చదవడం ఆమెకు రాదు. ఆ కాలంలో మనమంతా టేపు క్యాసెట్లలో మాట్లాడి ఊరికి పంపుకొనేవాళ్ళం కదా, పక్క గదిలో టేపు రికార్డరు అడిగి తెచ్చాను. నేనే చెబుతాననుకున్నాను, ఎందుకంటే మన దగ్గర తమ్ముడి భార్యతో బావగారు ఎదురుబడి మాట్లాడే ఆచారం లేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆయన మా అక్కతో గుమ్మం అవతలి నుంచి తప్ప మాట్లాడి ఎరగడు. కాని మీట నొక్కగానే పెద్దబావ దాన్ని తన వైపు లాక్కున్నాడు.

“బిడ్డా, పిట్ట ముట్టింది,” అన్నాడు. అక్కడితో ఆగిపోతాడనుకున్నాను. ఆగలేదు. చలికాలం చేప ముక్కుతో తింటదట బిడ్డా అని మొదలుపెట్టి, దారం ఎంత సన్నగా ఉండాలో, తెల్లని ఎర ఎలా చీల్చాలో, గాలం మొనను ఎలా దాచాలో, జానెడే ఎందుకు ఎత్తాలో, తమ్ముడు ఆ డబ్బాలో ఏమేమి దాచాడో, చెంచా ఎలా రుద్దాడో, ఒకదాని వెంట ఒకటి చెబుతూ పోయాడు. తమ్ముడి చావు గురించి గాని, తన దుఃఖం గురించి గాని ఒక్క మాట లేదు. క్యాసెట్టు ఒక పక్క మొత్తం ఎర గురించే. టక్కున మీట పైకి లేచి టేపు ఆగిపోయేసరికి ఆయన గడ్డం మీదుగా కన్నీళ్ళు కారి చొక్కా తడిసిపోయింది.

రెండేళ్ళకు నేను సెలవు మీద పోయినప్పుడు ఆ క్యాసెట్టు సంగతి అక్కను అడిగాను. “అండ్ల ఒక్క ముక్క నాకు సమజ్ కాలే తమ్మీ,” అంది. “గని ఆయన చెప్తున్నంతసేపు మీ బావ నీళ్ళ ఒడ్డున కూసున్నట్టే అగుపడ్డడు.” పెద్దబావ ఆ తర్వాత రువైస్‌లో ఉన్నన్నాళ్ళూ ఏ శుక్రవారమూ గదిలో పడుకోలేదు. ఊరికి తిరిగి వచ్చి, మా అక్క పిల్లల పెళ్ళిళ్ళు చేసి, ఆ తర్వాత పోయాడు.

ఇప్పుడు మా మేనల్లుడు అబుధాబిలో ఉన్నాడు. రోజూ పొద్దున్నే ఫోనులో మొహం చూపిస్తాడు; ఏం తిన్నాడో, ఏ చొక్కా తొడిగాడో అన్నీ నాకు తెలుసు. నిరుడు మా ఊరి మనిషి ఒకతను అక్కడ చనిపోతే నాలుగు రోజుల్లో పెట్టె ఇల్లు చేరింది. కాష్టం కాలుతూంటే అతని గదివాళ్ళు అక్కడ ఫోనులో చూశారట, చూసి డ్యూటీకి పోయారట. మంచిదే. మేము పడ్డ ఆ ఎదురుచూపు ఎవరికీ వద్దు. అయినా ఆ మాట విన్న రోజు నాకు అనిపించింది, ఫోను ఆపేసిన తర్వాత ఆ మనుషులు తమ ఖాళీ చేతులతో ఏం చేసి ఉంటారా అని. పోయినవాడి కోసం చేయవలసినది ఇంకా ఏదో మిగిలే ఉందనే నమ్మకాన్ని మాకు ఆ దూరమే ఇచ్చేది. చలిలో వణుకుతూ దారం పట్టుకొని కూర్చోవడానికి ఆ నమ్మకం చాలేది.