మామ తలగడ కింది మాట

మొన్న ఆదివారం ఒక ఇంటి గుట్టు నా నోటితో నేనే ఎలా బయటపెట్టానో వినండి. నవ్వితే నవ్వండి, తిట్టినా ఏమీ అనుకోను.

నారాయణఖేడ్‌లో ఇంగ్లీష్ సార్‌ని నేను. ఏ మాట ఏ దేశంలో పుట్టి ఎట్లా తిరిగి మన దాకా వచ్చిందో చెప్పడం నాకు పిచ్చి. క్లాసులో పిల్లలు ఆవలిస్తారు. స్టాఫ్ రూంలో నోరు తెరిస్తే అందరికీ అర్జెంటు పని గుర్తొస్తుంది.

నాగల్‌గిద్దలో మా మేనమామకు లివర్ జబ్బు ముదిరిపోయింది. మా వైపు అట్లాంటి జబ్బు పేరు మనిషికి చెప్పరు. వింటే ధైర్యం చెడి ముందే పోతాడని భయం. వేడి గడ్డ, మందులకు కరిగిపోతుందని మూడు నెలలుగా ఇంటిల్లిపాదీ ఒకటే మాట. ఆదివారం చూడ్డానికి పోతే, గుమ్మంలోనే అత్త నా చెయ్యి పట్టుకుంది.

"ఆ పేరు నీ నోట్లకెళ్లి రావద్దు బిడ్డా."

ఒట్టేశాను.

మామ సగమైపోయాడు. ఏడుపు ఆపుకోవడానికి కాసేపు ఫ్యాన్ వైపు చూశాను. అత్త చాయ్ పెట్టడానికి పోగానే, తలగడ కింద నుంచి స్కాన్ రిపోర్టు కాగితం తీశాడు. ఏడో తరగతి చదువుతో ఒక్కో అక్షరం కూడబలుక్కుని, ఒక మాట కింద గీత గీసుకున్నాడు.

"కార్సినోమా. గిదేం మాటరా? నువ్వైతే మాటల పుట్టుక చెప్తవ్ గద."

పదహారేళ్ల సర్వీసులో నన్ను ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి! ఒట్టు గాలికి పోయింది. కుర్చీ ముందుకు జరుపుకున్నాను.

"గ్రీకు మాట మామా. ఎండ్రకాయ అని. గడ్డ చుట్టు నరాలు ఎండ్రకాయ కాళ్ల లెక్క కనబడ్డయట ఆ కాలం వైద్యులకు. అదే ఎండ్రకాయను లాటిన్‌ల క్యాన్సర్ అంటరు..."

అప్పుడు వినబడింది నా గొంతు నాకు.

మామ కాగితాన్ని మెల్లగా మడిచి, మళ్లీ తలగడ కింద పెట్టుకున్నాడు.

"ఎండ్రకాయనా! మూన్నెల్ల సంది ఇంట్ల అందరు పక్కకు పక్కకే నడవబట్టిరి. నువ్వొక్కనివి సీదా వచ్చినవ్." వంటింటి వైపు చూసి అన్నాడు, "మీ అత్తకు చెప్పకు. నాకు తెల్వదనే అనుకోనీ. ఆమె తట్టుకోదు."

మళ్లీ ఒట్టేశాను. అత్త చాయ్ తెచ్చి ఏం ముచ్చట అని అడిగితే, వానల ముచ్చట అన్నాం ఇద్దరం ఒకేసారి.

వాపసు బస్సులో ఖేడ్ దాకా ఏడ్చాను. ఇన్నేళ్లలో నా పాఠం ఆవలించకుండా చివరిదాకా విన్న స్టూడెంట్ ఒక్కడే దొరికాడు. ఆయనకు చెప్పకూడని పాఠం కూడా ఆ ఒక్కటే.